వలస కుటుంబాలతో పనిచేసే స్టాఫ్‌కి ట్రైనింగ్: ఏం పెట్టాలి, ఏం తీసేయాలి?

కొత్తవంతెన:
అందరికీ నమస్తే. నేను ఒక సేవాసంస్థలో పనిచేస్తున్నా, మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది వేరే దేశాల నుంచి వచ్చి స్థిరపడుతున్న కుటుంబాలే. చిన్న క్లినిక్ ఉంది, కేస్‌వర్కర్లు ఉన్నారు, లాయర్లు అప్పుడప్పుడూ వచ్చి కూర్చుంటారు. ఇప్పుడు స్టాఫ్ మొత్తానికి రెండురోజుల ట్రైనింగ్ పెడదాం, నువ్వే తయారుచెయ్యి అని నాకు అప్పజెప్పారు. పాత ట్రైనింగ్ ఫైల్ తెరిచి చూస్తే దేశానికో స్లైడ్ ఉంది, ఫలానా దేశం వాళ్ళు కళ్ళలోకి చూసి మాట్లాడరు, ఫలానా వాళ్ళు లేడీ డాక్టర్నే అడుగుతారు, ఫలానా వాళ్ళకి టైం పట్టింపు ఉండదు, అంతా ఇదే వరస. చదువుతుంటేనే మనసుకి ఇబ్బందిగా అనిపించింది. కానీ అది తీసేస్తే దాని బదులు ఏం పెట్టాలి? నర్సులు, డాక్టర్లు, లాయర్లు, టీచర్లు, ఇంటర్‌ప్రెటర్లు ఎవరున్నా చెప్పండి. ఇలాంటి ట్రైనింగ్‌కి వెళ్ళొచ్చాక మీ పనిలో నిజంగా మారింది ఏంటి?

నైట్‌డ్యూటీ:
ఆ స్లైడ్లు తీసేయండి, రెండో ఆలోచన వద్దు. ఎందుకంటున్నానో చెప్తా. 1998లో మెలనీ టెర్వలాన్, జాన్ మర్రే-గార్సియా అనే ఇద్దరు డాక్టర్లు ఒక వ్యాసం రాశారు, 'కల్చరల్ హ్యుమిలిటీ', అంటే ఎదుటివాళ్ళ సంస్కృతి నాకు తెలుసు అనుకోకుండా వాళ్ళ దగ్గరే నేర్చుకునే వినయం, అనే మాట ఆరోగ్యరంగంలో బాగా పాకింది దాంతోనే. అందులో ఒక సంఘటన ఉంటుంది. ఆపరేషన్ అయిన కొన్ని గంటలకి ఒక లాటినా (లాటిన్ అమెరికా మూలాలున్న ఆవిడ) పేషంట్ మూలుగుతూ ఉంటుంది, చూడ్డానికి వచ్చిన డాక్టర్ ఈమెకి నొప్పి బాగా ఉన్నట్టుందే అంటాడు. దానికి నర్సు ఏమంటుందంటే, నేను నర్సింగ్ చదివేటప్పుడు సంస్కృతుల మీద కోర్సు చేశాను, వీళ్ళు నొప్పిని ఎక్కువచేసి చూపిస్తారని నాకు తెలుసు అని. అంటే ట్రైనింగ్ లేక జరిగింది కాదది, ట్రైనింగ్ వల్లే జరిగింది. ఎదురుగా మంచం మీద మనిషి మూలుగుతుంటే ఆ మూలుగు వినకుండా ఎప్పుడో చదివిన పాఠం అడ్డం పడింది. మీ ఫైల్లో ఉన్న స్లైడ్లు చేసేది కూడా అదే.

బదులు ఏం పెట్టాలి అంటే, అడగడం నేర్పండి. ఆర్థర్ క్లైన్‌మన్, ఐజెన్‌బర్గ్, గుడ్ కలిసి 1978లో రాసిన వ్యాసంలో కొన్ని ప్రశ్నలు ఇచ్చారు, ఇప్పటికీ వాటికి మించినవి నేను చూడలేదు. మీకు ఇది ఎందుకొచ్చిందనుకుంటున్నారు, అప్పుడే ఎందుకు మొదలైందనుకుంటున్నారు, దీనివల్ల మీకు వచ్చిన పెద్ద ఇబ్బంది ఏంటి, ఎలాంటి వైద్యం జరగాలని మీరు అనుకుంటున్నారు, దీని గురించి మీకు అన్నిటికన్నా భయం వేసేది ఏంటి. ఏ దేశం వాళ్ళకైనా ఇవే ప్రశ్నలు. మీ క్లినిక్ స్టాఫ్ చేత ఇవి నోటితో పలికించండి, ఒకళ్ళనొకళ్ళు అడిగేలా చేయండి. ఆ ఆఖరి ప్రశ్న, భయం గురించి అడిగేది, అడగడానికి మనవాళ్ళకి నోరు రాదు. అందుకే ప్రాక్టీస్ కావాలి.

ఆఖరివరస:
నేను డాక్టర్ని. నైట్‌డ్యూటీ గారు చెప్పింది కాదనను, కానీ మొత్తం కొట్టేస్తే కూడా నష్టమే. ఎక్కడి నుంచి వచ్చారు అన్నది వైద్యానికి కచ్చితంగా కావాలి. హెపటైటిస్ బి ఎక్కువున్న ప్రాంతాల్లో పుట్టినవాళ్ళకి లక్షణాలు లేకపోయినా టెస్ట్ చేయమని గైడ్‌లైన్ ఉంది, టీబీ విషయం కూడా అంతే, రక్తహీనత చూసినప్పుడు తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు) గుర్తుకు రావాలి. యుద్ధం నుంచి వచ్చినవాళ్ళు, జైళ్ళలో హింస పడి వచ్చినవాళ్ళు ఉంటారు, ఆ గుర్తులు ఒంటి మీద ఎలా ఉంటాయో, ఎలా రాసిపెట్టాలో డాక్టర్‌కి తెలియాలి. దానికోసం ఇస్తాంబుల్ ప్రోటోకాల్ అని ఐక్యరాజ్యసమితి పద్ధతి ఉంది, 1999 నాటిది, 2022లో మళ్ళీ సవరించారు. శరణు కోరుతూ వచ్చినవాళ్ళ కేసు చాలాసార్లు ఆ మెడికల్ రిపోర్ట్ మీద ఆధారపడుతుంది, సరిగ్గా రాయడం రానివాడు రాస్తే ఆ మనిషి బతుకే తారుమారవుతుంది. ఇవన్నీ ఒకళ్ళు కూర్చోబెట్టి నేర్పాల్సినవే, పేషంట్‌ని అడిగితే వచ్చేవి కావు.

ఇంకోటి, నాకు ఒక్కో పేషంట్‌కి దొరికేదే పదిహేను నిమిషాలు. ఇంటర్‌ప్రెటర్ ఉంటే మాట రెండింతలవుతుంది. ట్రైనింగ్‌లో అన్నీ బాగానే చెప్తారు, టైం మాత్రం ఎవరూ ఇవ్వరు.

నైట్‌డ్యూటీ:
ఆఖరివరస గారూ, మీరన్నది స్లైడ్ల కోవలోకి రాదు కదండీ. ఏ ప్రాంతంలో ఏ జబ్బు ఎక్కువ, అక్కడ ఏం యుద్ధం జరిగింది, ఇవి తెలుసుకోవాల్సిన విషయాలే. ఈ మనిషి ఇలాగే ప్రవర్తిస్తాడు అని ముందే తేల్చేయడం వేరు. మొదటిది ఉంచండి, రెండోది తీసేయండి. టైం విషయంలో మీతో నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటా.

దుబాసీ:
నేను హాస్పిటల్స్‌లో, కోర్టుల్లో ఇంటర్‌ప్రెటర్‌గా చేస్తాను. కొత్తవంతెన గారూ, మీ రెండురోజుల్లో ఒక పూట పూర్తిగా ఇంటర్‌ప్రెటర్‌తో కలిసి పనిచేయడం ఎలా అన్నదానికే ఇచ్చేయండి. చాలా చోట్ల ఇంటర్‌ప్రెటర్లకి ట్రైనింగ్ ఇస్తారు గానీ వాళ్ళని వాడుకునే డాక్టర్‌కి, లాయర్‌కి, కేస్‌వర్కర్‌కి ఒక్క గంట కూడా ఇవ్వరు. గదిలోకి వెళ్ళాక ఏం జరుగుతుందంటే డాక్టర్ నా వైపు తిరిగి "ఆమెకి నొప్పి ఎప్పట్నుంచి ఉందో అడుగు" అంటాడు, ఆమె వైపు చూడనే చూడడు. అలా కాదు, ఆమె వైపు తిరిగి "మీకు నొప్పి ఎప్పట్నుంచి ఉంది" అని ఆమెతోనే మాట్లాడాలి, నేను పక్కన గొంతుని మాత్రమే. ఒకటి రెండు వాక్యాలకి ఆగాలి. ఐదు నిమిషాలు ఏకబిగిన చెప్పి నా వైపు చూస్తే అందులో సగం గాల్లో కలిసిపోయినట్టే. లోపలికి వెళ్ళేముందు ఒక్క నిమిషం నాతో మాట్లాడాలి, ఇవాళ చెప్పబోయేది చెడ్డ వార్తా, సంతకాలా, మామూలు చెకప్పా అని. క్యాన్సర్ అని చెప్పబోతున్నారని నాకు ముందు తెలిస్తే నేను సిద్ధంగా ఉంటా, లేకపోతే పేషంట్‌తో పాటు నేనూ అప్పుడే వింటా.

లెక్కలు కావాలంటే ఇవి మీ మేనేజ్‌మెంట్‌కి చూపించండి. గ్లెన్ ఫ్లోరెస్ బృందం 2003లో పిల్లల క్లినిక్‌లో జరిగిన 13 విజిట్లు టేపు చేసి చూస్తే సగటున విజిట్‌కి 31 తప్పులు దొర్లాయి, అందులో 63 శాతం వైద్యం మీద ప్రభావం చూపగలిగినవి. 2012లో మళ్ళీ ఎమర్జెన్సీల్లో చూశారు, ప్రమాదం తెచ్చే తప్పులు ప్రొఫెషనల్ ఇంటర్‌ప్రెటర్ ఉన్నప్పుడు 12 శాతం, ఎవరో ఒకరిని పిలిచి మాట్లాడించినప్పుడు 22 శాతం. 100 గంటలు, అంతకన్నా ఎక్కువ ట్రైనింగ్ ఉన్నవాళ్ళ దగ్గర అది 2 శాతానికి పడిపోయింది. మామూలుగా అమెరికాలో మెడికల్ ఇంటర్‌ప్రెటర్ సర్టిఫికేషన్‌కి అడిగేది 40 గంటలే, అది కూడా లేకుండా తిరిగేవాళ్ళు బోలెడుమంది. మనవాళ్ళకి నాటీ అంటే పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) ఐదు పాయింట్లు తెచ్చే పరీక్షగానే తెలుసు గానీ, ఆస్ట్రేలియాలో అసలు ఇంటర్‌ప్రెటర్లకి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ అదే, 1977 నుంచి ఉంది.

కొత్తవంతెన:
దుబాసీ గారూ చాలా ఉపయోగం. మా దగ్గర కొంతమంది స్టాఫ్‌కి రెండు భాషలు వచ్చు, వాళ్ళతోనే లాగించేస్తున్నారు. అకౌంట్స్‌లో కూర్చున్న అమ్మాయిని పిలిచి క్లినిక్‌లో మాట్లాడిస్తారు. ఇంకా ఘోరం ఏంటంటే ఇంట్లో పిల్లల చేత చెప్పిస్తారు. ఈమధ్య ఫోన్ యాప్ కూడా మొదలైంది. వీటి గురించి స్టాఫ్‌కి గట్టిగా ఎలా చెప్పాలి?

దుబాసీ:
పిల్లల సంగతి అమెరికాలో 2016 నుంచే రూల్‌లో ఉంది, ఆరోగ్యరంగంలో ఫెడరల్ నిధులు తీసుకునే చోట ప్రాణాపాయం లాంటి ఎమర్జెన్సీ తప్ప మైనర్ పిల్లల్ని ఇంటర్‌ప్రెటర్‌గా వాడకూడదు. 2024 రూల్‌లో ఇంకోటి చేర్చారు, మిషన్ ట్రాన్స్‌లేషన్‌తో చేసిన ముఖ్యమైన కాగితాల్ని అర్హత ఉన్న మనిషి ఒకసారి సరిచూడాలి అని. యాప్‌తో టాయిలెట్ ఎటు, కుర్చీలో కూర్చోండి లాంటివి అడగొచ్చు, మందు డోసు మాత్రం చెప్పకూడదు, ఆపరేషన్‌కి ఒప్పుకునే కాగితం దాని మీద సంతకం పెట్టించకూడదు. అకౌంట్స్ అమ్మాయి విషయంలో, భాష వచ్చినంత మాత్రాన సరిపోదు, ఆ అమ్మాయికి పరీక్ష పెట్టండి, ట్రైనింగ్ ఇవ్వండి, చేసిన గంటలకి జీతంలో కలిపి ఇవ్వండి. లేకపోతే ఆమె అసలు పనీ అవ్వదు, ఈ పనీ సరిగ్గా అవ్వదు.

బడిగంట:
పిల్లల మాట వచ్చింది కాబట్టి నేనూ చెప్తా, నేను స్కూల్లో టీచర్ని. ఒక పిల్లాడు మాటిమాటికీ స్కూల్‌కి రావట్లేదు, ఎందుకని అడిగితే అమ్మకి హాస్పిటల్లో చెప్పడానికి వెళ్ళా, నాన్న ఆఫీస్ కాగితాలకి వెళ్ళా, ఇంటి ఓనర్‌తో మాట్లాడ్డానికి వెళ్ళా అంటాడు. పదకొండేళ్ళ వాడు. వాళ్ళమ్మకి కడుపులో బిడ్డ నిలబడలేదన్న సంగతి డాక్టర్ చెప్తే వాడే విని, వాడే అమ్మకి చెప్పాడు. ఆ తర్వాత చాలా రోజులు వాడు క్లాసులో నోరు విప్పలేదు. మీ ట్రైనింగ్‌లో ఎవరైనా "పిల్లాడికి ఇంగ్లీష్ బాగా వచ్చు కదా, ఏమవుతుంది" అంటే ఇది చెప్పండి.

స్కూళ్ళలో కూడా ఇదే సమస్య. పేరెంట్ మీటింగ్‌లో పిల్లాడి చేతే వాడి మార్కుల గురించి చెప్పిస్తే వాడేం చెప్తాడో మనకేం తెలుసు? 1974లో లౌ వర్సెస్ నికల్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇంగ్లీష్ రాని పిల్లలకి అందరితో సమానంగా అవే పుస్తకాలు, అదే టీచర్ని ఇచ్చినంత మాత్రాన సమానత్వం కాదంది, శాన్‌ఫ్రాన్సిస్కోలో 1,800 మంది దాకా చైనీస్ పిల్లలకి భాష విషయంలో ఏ సాయమూ లేకుండా వదిలేశారు అప్పట్లో. 1982లో ప్లైలర్ వర్సెస్ డో తీర్పు వచ్చింది, కాగితాలు లేవని పిల్లల్ని ప్రభుత్వ బడి నుంచి బయట పెట్టకూడదని. ఈ తీర్పుల సంగతి అడ్మిషన్ కౌంటర్లో కూర్చునేవాళ్ళకి తెలియాలి, ప్రిన్సిపాల్‌కి తెలిస్తే చాలదు. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోతే ఫారం తీసుకోం అనేది ఆ కౌంటర్లోనే కదా.

కౌంటర్_నుంచి:
బడిగంట గారి మాట పట్టుకుని నేను కూడా రాస్తున్నా, ఇలాంటి చర్చల్లో మావాళ్ళ గురించి ఎవరూ అడగరు. నేను రిసెప్షన్‌లో కూర్చుంటా. డాక్టర్‌కి, లాయర్‌కి ట్రైనింగ్ ఇస్తారు, మమ్మల్ని ఫోన్లు ఎత్తడానికి వదిలేసి వెళ్తారు. కానీ వచ్చిన మనిషి ముందు చూసేది మా మొహమే. అక్కడే భయపడి వెనక్కి వెళ్ళిపోతే లోపల ఎంత మంచి డాక్టర్ ఉండి ఏం లాభం?

మాకు కావాల్సిన ట్రైనింగ్ చిన్న చిన్నవి. పేర్లు. ఇంటిపేరు ముందొచ్చేవాళ్ళు, ఒకే పేరున్నవాళ్ళు, పాస్‌పోర్ట్‌లో ఒక గడి ఖాళీగా ఉంటే వీసాలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడి, అదే పేరనుకుని గట్టిగా ఎఫ్‌ఎన్‌యూ అని పిలిచేవాళ్ళు ఉన్నారు. పుట్టినరోజు ఇంకోటి. శరణార్థుల్లో చాలామందికి జనవరి 1 అని ఉంటుంది, అసలు తేదీ తెలియక అధికారులు రాసిన తేదీ అది, అదే పుట్టినరోజు, అదే పేరుతో ఇద్దరు ముగ్గురు ఉంటే కంప్యూటర్లో ఒకరి ఫైల్ ఇంకొకరిది అయిపోతుంది. కాబట్టి పేరు, పుట్టినరోజు రెండూ సరిపోయాయని ఊరుకోకుండా ఫోన్ నంబరో అడ్రసో మూడోది కూడా సరిచూడాలి, ఇది మాకెవరూ నేర్పలేదు. నేను మా పాత సీనియర్ దగ్గర చూసి నేర్చుకున్నా.

తర్వాత, ఏ కాగితం నిజంగా అవసరం, ఏది అలవాటు కొద్దీ అడుగుతున్నాం అన్నది. ఇంగ్లండ్‌లో జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గర పేరు రాయించుకోడానికి ఐడీ గానీ అడ్రస్ ప్రూఫ్ గానీ లేదని తిప్పి పంపకూడదు, ఇమిగ్రేషన్ స్టేటస్ అడగక్కర్లేదు, అయినా చాలా రిసెప్షన్లలో అడుగుతారు, తిప్పి పంపుతారు. అందుకే అక్కడ డాక్టర్స్ ఆఫ్ ద వరల్డ్ వాళ్ళు సేఫ్ సర్జరీస్ అని పెట్టి అచ్చంగా రిసెప్షన్ స్టాఫ్‌కి కూడా ట్రైనింగ్ ఇస్తున్నారు. కొత్తవంతెన గారూ, మీ ఫారంలో ఉన్న ఒక్కో గడి ఎందుకుందో మీ మేనేజర్ని అడగండి. ఎందుకో ఎవరూ చెప్పలేకపోతే ఆ గడి కొట్టేయండి.

నల్లకోటు:
కౌంటర్_నుంచి గారు చెప్పిందాంట్లో లాయర్‌గా నేను ఒకటి కలుపుతా. స్టేటస్ అడగడం, దాన్ని ఫైల్లో రాయడం, ఈ రెండిటికీ మీ సంస్థలో రాతపూర్వకంగా ఒక పద్ధతి ఉండాలి. అర్హత చూడ్డానికి తప్పనిసరి అయితేనే అడగాలి, అడిగితే ఎందుకడుగుతున్నామో ముందు చెప్పాలి, మెడికల్ నోట్స్‌లో "కాగితాలు లేని మనిషి" అని రాయకూడదు, ఆ నోట్స్ రేపు ఎవరి కళ్ళ ముందుకు వెళ్తాయో మన చేతిలో ఉండదు.

ఇక లాయర్లకే ట్రైనింగ్ ఎందుకంటే పడీల్లా వర్సెస్ కెంటకీ చూడండి, 2010 తీర్పు. హోసే పడీల్లా హోండురస్‌లో పుట్టి, నలభై ఏళ్ళకి పైగా అమెరికాలో గ్రీన్‌కార్డ్‌తో ఉన్న మనిషి, వియత్నాం యుద్ధంలో అమెరికా తరఫున పనిచేశాడు. గంజాయి రవాణా కేసులో నేరం ఒప్పుకుంటే ఇమిగ్రేషన్‌కి ఇబ్బంది ఉంటుందా అంటే, ఇన్నేళ్ళుగా ఉన్నావు కదా కంగారుపడకు అన్నాడు ఆయన లాయర్. ఒప్పుకున్నాడు. డిపోర్టేషన్ దాదాపు తప్పనిసరి అయ్యే నేరం అది. సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే క్రిమినల్ కేసు చూసే లాయర్ కూడా ఈ ప్రమాదం క్లయింట్‌కి చెప్పి తీరాలి, చెప్పకపోతే సరైన లాయర్ సాయం దొరకనట్టే అని. అంటే నా సబ్జెక్ట్ క్రిమినల్ లా, నాకు ఇమిగ్రేషన్ తెలియక్కర్లేదు అని తప్పుకునే వీలు అక్కడితో పోయింది.

మిగతా స్టాఫ్‌కి చట్టం మొత్తం నేర్పొద్దు. అది ప్రమాదం కూడా. సగం తెలిసిన కేస్‌వర్కర్ మంచి మనసుతో "ఈ ఫారం నింపేద్దాం" అని నింపేస్తే ఆ కుటుంబం కేసు చిక్కుల్లో పడుతుంది. మీ సంస్థలో లాయర్ కాని వాళ్ళు ఇమిగ్రేషన్ సలహా ఇవ్వాలంటే అమెరికాలో అయితే న్యాయశాఖ గుర్తింపు తీసుకోవాలి, సంస్థకి రికగ్నిషన్, మనిషికి అక్రెడిటేషన్. స్టాఫ్‌కి నేర్పాల్సింది ఎప్పుడు లాయర్ దగ్గరికి పంపాలో గుర్తుపట్టడం. అంతవరకే.

ఓపికపట్టు:
నల్లకోటు గారూ, గుర్తుపట్టడం అన్నారు కదా, గృహహింస విషయంలో ఒక ఉదాహరణ రాయగలరా? నేను కౌన్సెలర్ని, మా దగ్గరికి డిపెండెంట్ వీసా మీద వచ్చిన ఆడవాళ్ళు వస్తుంటారు, వాళ్ళందరి నోటా ఒకటే మాట, బయటికొస్తే నన్ను వెనక్కి పంపేస్తారు, ఆయన ఉంటేనే నేనిక్కడ ఉన్నట్టు అని. మా కొలీగ్స్‌లో చాలామంది అది నిజమే కాబోలు అనుకుని ఊరుకుంటున్నారు.

నల్లకోటు:
చెప్తానండి, ఇది మనవాళ్ళకి బాగా తెలియాల్సిన విషయం. అమెరికాలో ఆడవాళ్ళ మీద హింసకి వ్యతిరేకంగా తెచ్చిన 1994 వావా చట్టం కింద బాధితురాలు భర్త సాయం లేకుండా తనే అప్లై చేసుకునే దారి ఉంది, కానీ భర్త సిటిజన్ గానీ గ్రీన్‌కార్డ్ ఉన్నవాడు గానీ అయ్యుండాలి. హెచ్1 మనిషి భార్యకి అది వర్తించదు. అక్కడే అందరూ ఆగిపోతారు. అలాంటి హెచ్4 బాధితురాలికి విడిగా వర్క్ పర్మిట్ అడిగే అవకాశం చట్టంలో ఉంది, ఫారం పేరు ఐ-765వి. యూ వీసా అని ఇంకో దారి, 2000లో తెచ్చారు, నేరానికి గురై పోలీసులకి సహకరించినవాళ్ళకి. ఏడాదికి 10,000 మందికే ఇస్తారు కాబట్టి క్యూ చాలా పెద్దది, పోలీసు శాఖో ప్రాసిక్యూటరో సప్లిమెంట్ బి అనే ధృవీకరణ ఫారం మీద సంతకం పెట్టాలి, ఆ సంతకం పెట్టిన ఆరు నెలల్లోపు వీసాకి అప్లై చేయాలి. ఇవన్నీ కౌన్సెలర్ బట్టీ పట్టక్కర్లేదు. "వీసా భర్త మీద ఉంది కాబట్టి దారి లేదు" అని మీరు మాత్రం అనకండి, ఆమె అంటే "లాయర్‌ని అడగకుండా ఆ నిర్ణయానికి రావద్దు" అనండి. పోలీస్ రిపోర్ట్ కాపీ, హాస్పిటల్ కాగితాలు, మెసేజ్‌లు జాగ్రత్త చేసుకోమనండి, ఆయన చూడలేని చోట. ఇది ఒక్క పేజీలో రాసి ట్రైనింగ్‌లో పంచొచ్చు. రూల్స్ మారుతుంటాయి కాబట్టి పేజీ మీద తేదీ వేసి, ఎవరు ఎప్పుడు మళ్ళీ సరిచూస్తారో కూడా రాయండి.

ఓపికపట్టు:
చాలా థాంక్సండీ. కౌన్సెలింగ్ వైపు నుంచి నావి కొన్ని. భర్తనో అత్తగారినో ఇంటర్‌ప్రెటర్‌గా కూర్చోబెట్టి ఇంట్లో అంతా బాగానే ఉందా అని అడిగితే బాగానే ఉంది అనే వస్తుంది, ఇంకేం వస్తుంది? ప్రతి ఒక్కరితో కొంతసేపు ఒంటరిగా మాట్లాడడం మా పద్ధతి అని అందరికీ ఒకే రూల్‌గా పెట్టేస్తే ఎవరికీ అనుమానం రాదు. చిన్న ఊళ్ళో మీ భాష ఇంటర్‌ప్రెటర్ ఆ కుటుంబానికి తెలిసినవాడే అయ్యుంటాడు, అలాంటప్పుడు వేరే చోటు నుంచి ఫోన్ మీద తీసుకోవడం మంచిది, పేరు చెప్పకుండా. ఆస్ట్రేలియాలో టిస్ అనే ప్రభుత్వ టెలిఫోన్ సర్వీసు 1973 నుంచి నడుస్తోంది, రాత్రీ పగలూ దొరుకుతుంది, 150కి పైగా భాషలు.

మానసిక ఆరోగ్యం చూసేవాళ్ళకి 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో (మానసిక జబ్బుల్ని గుర్తించడానికి వాడే అమెరికా పుస్తకం) 16 ప్రశ్నల ఇంటర్వ్యూ ఒకటి ఉంది, కల్చరల్ ఫార్ములేషన్ ఇంటర్వ్యూ అని. పైన నైట్‌డ్యూటీ గారు చెప్పిన ప్రశ్నల దారిలోదే. కష్టం వచ్చినప్పుడు మీవాళ్ళలో ఎవరు తోడుంటారు, ఇదివరకు సాయం కోసం ఎక్కడికెళ్ళారు, అక్కడ ఏది పనికొచ్చింది ఏది పనికిరాలేదు, సాయం అందకుండా ఏం అడ్డం వచ్చింది అని అడుగుతుంది. మా దగ్గర కొత్తగా చేరినవాళ్ళకి నేను ముందు ఇదే ఇస్తా.

మర్చిపోకూడనిది, స్టాఫ్ సంగతి కూడా చూడండి. రోజంతా ఈ కథలు వినేవాళ్ళకి నిద్ర పట్టదు. ఇంటర్‌ప్రెటర్‌కి అయితే మరీ కష్టం, హింస గురించి "నన్ను కొట్టారు" అని తన నోటితో నేను నేను అంటూ చెప్పాలి కదా. సెషన్ అయ్యాక పది నిమిషాలు కూర్చుని మాట్లాడుకోడానికి చోటు, టైం ఇవ్వాలి.

పొరుగింటిచుట్టం:
చాలాసేపటి నుంచి చదువుతున్నా. నేను ప్రొఫెషనల్‌ని కాదు, అవతలి కుర్చీలో కూర్చునేదాన్ని. వేరే దేశం వచ్చిన కొత్తలో మా అత్తగారిని హాస్పిటల్‌కి తీసుకెళ్ళేదాన్ని. ఒక నర్సు ఉండేది, మందులు అన్నీ చెప్పాక "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి, ఇంటికెళ్ళి ఇవి ఎలా వేసుకుంటారో మీరొకసారి నాకు చెప్పండి" అనేది. అత్తగారు చెప్పింది తప్పైతే తప్పు అనేది కాదు, మళ్ళీ ఇంకోలా చెప్పేది, మాత్రల డబ్బా విప్పి పొద్దునవి ఒక పక్క రాత్రివి ఒక పక్క పెట్టి చూపించేది. మిగతావాళ్ళంతా "అర్థమైందా" అని అడిగేవాళ్ళు. అర్థమైందా అంటే ఎవరైనా అర్థమైందనే అంటారు, పెద్దవాళ్ళైతే మరీను. ఆ నర్సు దగ్గరికి వెళ్ళడానికి మాత్రం మా అత్తగారు ముందురోజే రెడీ అయ్యేవారు.

నా అడుగుడు ఒక్కటే, ట్రైనింగ్ చెప్పేవాళ్ళలో మాలాంటివాళ్ళని కూడా పెట్టండి. కథ చెప్పి కన్నీళ్ళు పెట్టించడానికి కాదు. ఏం మార్చాలో చెప్పడానికి.

నైట్‌డ్యూటీ:
పొరుగింటిచుట్టం గారూ, ఆ నర్సు చేసేది టీచ్‌బ్యాక్ పద్ధతి, మీరు వివరించినంత బాగా పుస్తకంలో కూడా లేదు. కొత్తవంతెన గారూ ఇది కచ్చితంగా పెట్టండి, లాయర్లకి, కేస్‌వర్కర్లకి కూడా, కోర్టు తేదీ ఎప్పుడు, ఏ కాగితం తేవాలి అన్నవి కూడా ఇలాగే తిరిగి చెప్పించుకోవచ్చు.

ఆఖరివరస:
ఇదంతా చదివాక కూడా నా ప్రశ్న అక్కడే ఉంది. పదిహేను నిమిషాల్లో ఎలా? ఇంటర్‌ప్రెటర్ కావాల్సిన పేషంట్‌కి డబుల్ అపాయింట్‌మెంట్ బుక్ చేసే సెట్టింగ్ లేకపోతే మీరు నేర్పినవన్నీ వారం తిరక్కుండానే పోతాయి. నా ఉద్దేశం ఏంటంటే ట్రైనింగ్‌కి మేనేజ్‌మెంట్‌ని కూర్చోబెట్టాలి. స్టాఫ్ మనసు మార్చడం ఒక్కటే సరిపోదు, షెడ్యూల్ మారాలి, ఫోన్ ఇంటర్‌ప్రెటర్ నంబర్ ప్రతి గదిలో గోడ మీద ఉండాలి, స్పీకర్ ఫోన్ పనిచేయాలి. నేను చూసిన ఒక చోట ట్రైనింగ్ బ్రహ్మాండంగా జరిగింది, గదుల్లో స్పీకర్ ఉన్న ఫోనే లేదు.

దుబాసీ:
ఆఖరివరస గారు చెప్పింది నూరుపాళ్ళు నిజం. డబ్ల్యూహెచ్‌ఓ 2021లో శరణార్థులు, వలసవచ్చినవాళ్ళతో పనిచేసే హెల్త్ వర్కర్ల కోసం కాంపిటెన్సీ స్టాండర్డ్స్ అని విడుదల చేసింది, ఏం తెలియాలి అన్నదానికన్నా పనిలో ఏం చేసి చూపించాలి అన్న దాని మీదే ఉంటుంది అది. మేనేజ్‌మెంట్‌తో మాట్లాడేటప్పుడు అది ముందు పెట్టండి, మీ సొంత ఆలోచన అనుకుని కొట్టిపారేయరు. అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇంకోటి, ఇంగ్లీష్ అంతగా రానివాళ్ళకి కూడా సేవలు అందేలా చూడమన్న 2000 నాటి 13166 ఎగ్జిక్యూటివ్ ఆర్డర్‌ని 2025 మార్చిలో రద్దు చేశారు కదా అని కొందరు ఇక ఇంటర్‌ప్రెటర్లు అక్కర్లేదంటున్నారు. 1964 సివిల్ రైట్స్ చట్టంలో ఫెడరల్ నిధులు తీసుకునే చోట పుట్టిన దేశాన్ని బట్టి వివక్ష చూపకూడదనే భాగం, టైటిల్ సిక్స్, ఆర్డర్ కాదు, చట్టం. అది ఎక్కడికీ పోలేదు.

కొత్తవంతెన:
అందరివీ రాసుకుని ప్లాన్ మార్చా, చూసి చెప్పండి. దేశాల స్లైడ్లు పోయాయి. ఏ ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళకి ఏ టెస్టులు అన్నది క్లినిక్ వాళ్ళకి విడిగా చిన్న సెషన్. మొదటిరోజు పొద్దున అందరూ కలిసి, రిసెప్షన్, డ్రైవర్, మేనేజర్ సహా. మా ఇన్‌టేక్ ఫారం (కొత్తగా వచ్చినవాళ్ళ వివరాలు రాసుకునేది) ముందు పెట్టుకుని ఒక్కో గడి ఎందుకు అని అడగడం. మధ్యాహ్నం మొత్తం ఇంటర్‌ప్రెటర్‌తో రోల్‌ప్లే, స్టాఫ్‌కి అస్సలు రాని భాషలో, వాళ్ళే పేషంట్‌గా కూర్చుంటారు, ఇంటర్‌ప్రెటర్ లేకుండా ఒకసారి, ఉండి ఒకసారి. రెండోరోజు భయం ప్రశ్న, టీచ్‌బ్యాక్, లాయర్ దగ్గరికి ఎప్పుడు పంపాలి అనే ఒక పేజీ. మా దగ్గర సాయం తీసుకున్న కుటుంబాల నుంచి కొంతమందిని ట్రైనర్లుగా పిలుస్తున్నాం. డబుల్ అపాయింట్‌మెంట్ గురించి డైరెక్టర్‌తో మాట్లాడా, ఇంటర్‌ప్రెటర్ విజిట్లకి మూడు నెలలు ప్రయత్నిద్దాం అన్నారు.

ఇంకో రెండు సందేహాలు. ఆ ట్రైనర్లకి ఎంత ఇవ్వాలి? పనిచేసిందో లేదో తర్వాత ఎలా తెలుస్తుంది? క్లాసు అయ్యాక ఇచ్చే ఫీడ్‌బ్యాక్ ఫారంలో అందరూ బాగుందనే రాస్తారు.

పొరుగింటిచుట్టం:
బయటి నుంచి వచ్చే కన్సల్టెంట్‌కి గంటకి ఎంత ఇస్తున్నారో అంతే ఇవ్వండి, ప్రయాణం ఖర్చు, పిల్లల్ని చూసుకునేవాళ్ళ ఖర్చు అదనం. గిఫ్ట్ కార్డు ఇవ్వొద్దు. పని చేయడానికి అనుమతి లేని వీసా మీద ఉన్నవాళ్ళైతే డబ్బు తీసుకోవచ్చో లేదో ముందే మీ లాయర్‌ని అడగండి, వాళ్ళకి కొత్త చిక్కు తెచ్చిపెట్టొద్దు.

ఆఖరివరస:
ఫీడ్‌బ్యాక్ ఫారం వదిలేయండి. కంప్యూటర్లో వేరే భాష అని రాసున్న ప్రతి విజిట్‌కి ఇంటర్‌ప్రెటర్‌ని పిలిచారా లేదా, పిలిస్తే ఎవర్ని, ఆ లెక్క నెలనెలా తీయండి. ట్రైనింగ్ ముందు మూడు నెలలది కూడా ఇప్పుడే తీసిపెట్టుకోండి, తర్వాత దొరకదు. అపాయింట్‌మెంట్‌కి రానివాళ్ళ లెక్క భాషవారీగా తీయండి. దాంతోపాటు ఒక పదిమంది కుటుంబాలకి వాళ్ళ భాషలో ఫోన్ చేయించండి, మీ స్టాఫ్ చేత కాకుండా బయటివాళ్ళ చేత, ఈసారి మీకేం చెప్పారో మీ మాటల్లో చెప్పండి అని అడిగించండి.

కౌంటర్_నుంచి:
వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళని కూడా లెక్కపెట్టండి. వాళ్ళు ఏ రిజిస్టర్‌లోనూ ఉండరు, మాకే తెలుస్తుంది. డెస్క్ దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టి, పేరు రాయకుండా, ఏ కాగితం అడిగితే వెళ్ళారు, ఏ భాష, అంతే రాయమనండి. నెలాఖరుకి అది డైరెక్టర్ మీటింగ్‌లో చదవాలి, చదివేది కూడా రిసెప్షన్ వాళ్ళే అయితే బాగుంటుంది.